మాట సాయం కావలసిన పిల్లలతో కౌన్సెలింగ్ – 5వ పాఠం: పదికి పది

భయం, దిగులు ఎంతున్నాయో పిల్లలనే అంకెలో చెప్పమనే కొలతను, నాలుగో పాఠంలో చెప్పిన 0 నుంచి 10 దాకా కొలతను, వాడి చూసిన కౌన్సెలర్లలో చాలామంది ఒకే ఫిర్యాదు రాశారు: ఏ వారం అడిగినా పిల్లలు అయిదు దగ్గరే ఆగుతున్నారు, లేదా నవ్వుతూ పది అంటున్నారు. కాబట్టి ఈసారి చెప్పవలసిన పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. పొరపాటులో సగం నాదే.

బడికి వెళ్లే పిల్లలకు పదికి పది అంటే మార్కులు. ‘నీ భయం పదిలో ఎంత?’ అని అడిగితే, భాషను గ్రహించడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడు ‘భయం’ అన్న మాటను జారవిడిచి, ‘పదిలో ఎంత’ అన్నదాన్నే పట్టుకుని, మెచ్చుకోదగిన జవాబు ఇస్తాడు. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి వరుసగా మూడు వారాలు ఎనిమిది అని చెప్పింది. ఆందోళన తగ్గడం లేదని నేను శ్రద్ధగా రాసుకున్నాను. నాలుగో వారం ఆమె, ‘ఎనిమిది చాలా మేడమ్, ఇంకా పెంచాలా?’ అని అడిగింది.

అంకెలు తీసేయండి. మూడు గాజు గ్లాసులు పెట్టండి: ఒకటి ఖాళీగా, ఒకటి సగానికి నీళ్లతో, ఒకటి నిండుగా. స్టీలు గ్లాసులు పనికిరావు, లోపల ఎంతుందో కనబడదు. మొదటి రోజే భయం గురించి అడగకుండా, ఆకలి గురించి అడగండి (నిండు గ్లాసు అంటే చాలా ఆకలి): అన్నం తినకముందు ఏ గ్లాసు, తిన్నాక ఏ గ్లాసు? వేలు సరైన గ్లాసుల వైపు వెళ్లిన తరువాతే భయానికి, దిగులుకు రండి. నవ్వు, ఏడుపు ముఖాల బొమ్మలు నాకు నచ్చవు. ఏడుపు ముఖం చూపిస్తే పెద్దవాళ్లు బాధపడతారని పిల్లలు నవ్వు ముఖాన్నే ఎంచుకోవడం ఎన్నోసార్లు చూశాను.

గది ప్రశాంతంగా ఉండాలని, జవాబు కోసం ఆగాలని మీకు తెలుసు. తెలిసి కూడా మీరందరూ చేస్తున్న పని ఒకటుంది: ‘అర్థమైందా?’ అని అడగడం. మన ఇళ్లలో కథ వింటూ ఊఁ కొట్టడం పిల్లలకు మాటలు వచ్చీరాకముందే అలవాటవుతుంది. ఆ ఊఁకు ‘వింటున్నాను, చెప్పు’ అని మాత్రమే అర్థం. దాన్ని అంగీకారంగా, అవగాహనగా నమోదు చేసుకోవడం మన తప్పు. ‘మా అబ్బాయి గలగలా మాట్లాడతాడు, ఇవన్నీ అతనికెందుకు?’ అని అడిగిన తల్లిదండ్రులకు ఒక మాట: మాట స్పష్టంగా పలకడం వేరు, విన్న వాక్యాన్ని విప్పుకోవడం వేరు. ఇంగ్లండ్‌లో 2016లో వెలువడిన ఒక అధ్యయనం, ఏ ఇతర కారణమూ కనిపించని భాషా లోపం బడిలో చేరే వయసు పిల్లల్లో సుమారు 7.5 శాతం మందికి ఉన్నట్టు చూపింది.

‘కోపం వచ్చినప్పుడల్లా అమ్మ మీద అరవకుండా, పది లెక్కపెట్టాకే మాట్లాడమన్నాను కదా, అర్థమైందా?’ ఈ వాక్యంలో మూడు పనులున్నాయి, ఒకటి చేయకూడనిది. దీన్నే ‘కోపం వచ్చింది. ముందు ఏం చేస్తావు? చేసి చూపించు’ అనవచ్చు. ‘నేను చెప్పింది నువ్వు తిరిగి చెప్పు’ అనడం కూడా చాలదు. ఎక్కం ఒప్పజెప్పినట్టు మీ మాటల్నే ఒప్పజెబుతారు. చేతితో చేసి చూపినదే లెక్క. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా చికిత్స సమాచారాన్ని గ్రహించగలిగే భాషలో, రూపంలో అందుకోవడం హక్కుగా చెబుతోంది. ఊఁ అనిపించుకుంటే ఆ బాధ్యత తీరదు.

అభ్యాసం: పిల్లల, తల్లిదండ్రుల సమ్మతితో ఒక సెషన్‌లో 10 నిమిషాలు రికార్డు చేసి, మీ మాటలు మాత్రమే పొల్లుపోకుండా కాగితం మీద పెట్టి, రికార్డింగ్ చెరిపేయండి. ‘కదా’, ‘సరేనా’, ‘అర్థమైందా’ల కింద గీత గీయండి. ఒకటి కంటే ఎక్కువ పనులున్న ప్రతి వాక్యాన్నీ విడగొట్టి తిరగరాయండి. రెండు గంటలు పడుతుంది. గ్లాసులను రేపే వాడవచ్చు కానీ, ఈ తిరగరాత పూర్తికాకుండా ఆరో పాఠం తెరవకండి.