గాలి దిగని పరుపు రిటర్న్ ఇచ్చా: వాడిన సామాన్లు ఎప్పుడు వెనక్కివ్వాలి, ఎప్పుడు ఊరుకోవాలి

అమెరికా వచ్చిన మొదటి నెలలోనే రూమ్మేట్లు నేర్పేస్తారు ఇది. "కొనెయ్, నచ్చకపోతే రిటర్న్ కొట్టెయ్, ఏమీ అడగరు" అని. నిజంగానే ఏమీ అడగరు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చేసే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం కదా, సగం తిన్న కేకు తెచ్చిచ్చి ఫుల్ డబ్బులు పట్టుకెళ్లేవాళ్లని మొదటిసారి చూసినప్పుడు నోరెళ్లబెడతాం, రెండో ఏడు వచ్చేసరికి మనమే ఆ లైన్లో నిలబడి ఉంటాం.

నేనూ నిలబడ్డా. అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు డల్లాస్‌లో మాది సింగిల్ బెడ్రూం అపార్ట్‌మెంట్, ఒక పెద్ద స్టోర్లో ఎయిర్ మ్యాట్రెస్ కొన్నాం, పంపు విడిగా ఉండే ఎత్తైన రకం. ఐదు నెలలు దాని మీదే పడుకున్నారు. వాళ్ల ఫ్లైటుకి రెండ్రోజుల ముందు దాన్ని మడిచి, పెట్టెలో పట్టక టేపు చుట్టి తీసుకెళ్తుంటే, ఇంట్లో తోచట్లేదని నాన్న కూడా కారెక్కారు. కౌంటర్లో అమ్మాయి "ఏమైనా ప్రాబ్లమా" అని అడిగింది, ఊరికే, స్క్రీన్ మీద ఏదో ఒకటి నొక్కాలి కాబట్టి. నేను తడుముకోకుండా "లీక్ అవుతోంది" అనేశా. డబ్బులు కార్డులో వెనక్కి పడ్డాయి. లీక్ అనే మాట అర్థమవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు కదా, పార్కింగ్‌లో సీటు బెల్టు పెట్టుకుంటూ నాన్న "గాలి దిగలేదు కదమ్మా, పడుకున్నది నేనేగా" అన్నారు, అంతే.

నాన్నకి చీరాలలో చిన్న బట్టల కొట్టు ఉండేది. ఇంటికొచ్చాక టీ తాగుతూ ఒక సంగతి చెప్పారు. మా వీధిలో ఒకావిడ పట్టుచీర తీసుకెళ్లి, నాలుగోరోజు తెచ్చి రంగు నచ్చలేదంది. నాన్న చీర విప్పి చూస్తే కొట్లో వేసిన మడత కాదు, భుజం దగ్గర పిన్నీసు గుచ్చిన చుక్క, అంచుకి కొంచెం పసుపు, ఏదో పెళ్లికి కట్టుకెళ్లినట్టు తెలిసిపోతోంది. అయినా తీసుకున్నారు, రోజూ మొహం చూసుకోవాల్సినవాళ్లు కదా. "దాన్ని మళ్లీ కొత్త చీరల్లో పెట్టలేను కదా, ఆషాఢంలో ఆ చుక్క చూపించి మరీ సగం రేటుకి అమ్మా. మిగతా సగం ఎవరిదనుకున్నావ్? నాదే" అన్నారు. మనం రిటర్న్ ఇచ్చే ప్రతి వస్తువుకీ ఈ మిగతా సగం ఒకటి ఉంటుంది, అమెరికాలో అది ఎవరి జేబులోంచి పోతోందో కనపడదు, అంతే తేడా.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఏదైనా వెనక్కివ్వాలా వద్దా అని డౌటొస్తే నేను ముందు చూసుకునేది ఒకటే, కొన్నరోజు మనసులో ఏముంది. ఉంచుకుందామనే కొని, వాడి చూసి, నచ్చక ఇస్తున్నారా, హాయిగా ఇచ్చెయ్యండి, ఆ పాలసీ పెట్టిందే అందుకు. కొన్నరోజే తేదీ లెక్కేసుకుని, బిల్లు ఫ్రిజ్ మీద అంటించి, డబ్బా చింపకుండా అటక మీద దాచారా, అయితే మీరు కొన్లేదు, చెప్పకుండా అద్దెకి తెచ్చుకున్నారు, అదీ అద్దె కట్టకుండా. 2023 వరల్డ్ కప్పుకి మా ఫ్రెండ్స్‌లో ఒకళ్లు 85 అంగుళాల టీవీ తెచ్చారు, అక్టోబర్ 5న మొదలైతే నవంబర్ 19న ఫైనల్, నెలన్నర చాలు కదా అని ముందే లెక్క. ఫైనల్ ఓడిపోయాక వచ్చే శనివారం టీవీ వెళ్లిపోయింది. ఓడిపోయిన బాధకి ఇచ్చేశామని ఇప్పటికీ జోక్ చేస్తారు. నేనూ నవ్వా, అబద్ధమెందుకు, మా పరుపు కథ వాళ్లకి తెలీదు.

మనసులో ఏముందో మనకే సరిగ్గా గుర్తుండదు అంటారా, అప్పుడు రెండోది చూడండి, అసలు కారణం కౌంటర్లో ఉన్నమాట ఉన్నట్టు చెప్పగలరా? "రెండు వారాలు వాడా, సౌండ్ ఎక్కువ, పాప లేస్తోంది" అని చెప్పడానికి ఇబ్బందేం లేదు. "అత్తగారు వాళ్లు వెళ్లిపోయారు, ఇంక అక్కర్లేదు" అని చెప్పడానికి నోరు రాదు, అందుకే నోట్లోంచి లీక్ అనే మాట వస్తుంది. పైగా అది ఊరికే పోయే అబద్ధం కూడా కాదు, పాడైందని రాస్తే బాగున్న వస్తువు కూడా పాడైనవాటి గుట్టలోకే పోతుంది, తయారుచేసినవాడి మీద పడుతుంది. ఆన్‌లైన్లో అయితే ఇంకా ఘోరం, రిటర్న్ షిప్పింగ్ కట్టాల్సొస్తుందని "డిఫెక్టివ్" అని నొక్కేస్తారు, అవతల అమ్మేది పెద్ద కంపెనీ కాకుండా ఎక్కడో గ్యారేజీలో కూర్చున్న చిన్న సెల్లర్ అయితే రెండువైపులా షిప్పింగూ వాడి నెత్తినే.

ఇక్కడ అందరూ అనే మాట ఒకటుంది, "వాళ్ల పాలసీయే అది, తెలిసే పెట్టారు, మెంబర్షిప్ కూడా కడుతున్నాం కదా" అని. కొంత నిజమే, వాళ్లేమీ అమాయకులు కాదు. కానీ ఆ పాలసీలు ఎలా పుట్టి ఎలా పోయాయో చూడండి. అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రంలో ఎల్.ఎల్.బీన్ అనే ఆయన 1912లో అడవిలో వేటకి వేసుకునే బూట్లు మొదటి 100 జతలు అమ్మితే 90 వెనక్కొచ్చాయి, కింద రబ్బరు పైన తోలు, రెండూ కలిపిన చోట ఊడిపోయాయి. అందరికీ డబ్బులిచ్చేసి, అప్పు చేసి మళ్లీ బాగా చేయించాడు, ఆ కంపెనీ పేరు నిలబడింది అక్కడే. అంటే ఎంతకాలమైనా వెనక్కి తీసుకుంటాం అన్నది నిజంగా ఊడిపోయిన బూట్ల కోసం పుట్టిన మాట. వందేళ్లు నడిచింది. చివరికి జనం ఎవరో ఇంటి ముందు పెట్టిన యార్డ్ సేల్లో అమ్మిన పాతవి కూడా తెచ్చి కొత్త డబ్బులడగడం మొదలుపెట్టారు, ఐదేళ్లలో 250 మిలియన్ డాలర్లు పోయాయని చెప్పి 2018 ఫిబ్రవరిలో ఒక్క ఏడాదికి కుదించేశారు. క్యాంపింగ్ సామాన్లమ్మే ఆర్‌ఈఐ ఐదేళ్ల ముందే, 2013లో, అదే పని చేసింది, జనం దానికి అద్దె సామాన్ల కంపెనీ అని పేరు పెట్టేదాకా వచ్చాక. అది మళ్లీ సహకార సంఘం, లాభంలో వాటా మెంబర్లకే వస్తుంది, అంటే అక్కడ వాడి పడేసి వెనక్కిచ్చినవాడు పక్క మెంబరు జేబులో చెయ్యి పెట్టినట్టే. మెంబర్షిప్ కట్టి కొనుక్కునే పెద్ద స్టోరు కాస్ట్‌కోలో కూడా టీవీలకి ఒకప్పుడు గడువే లేదు, కొత్త మోడల్ రాగానే పాతది తెచ్చిచ్చి తీసుకుపోయేవాళ్లు, 2007లో 90 రోజులని గీత గీసింది అందుకే. టీవీ మూడేళ్లకి నిజంగా పాడైనవాడు ఆ కౌంటర్ దాకా వెళ్లలేకపోవడానికి కారణం కంపెనీ ఒక్కటే కాదు.

కొన్ని చిక్కు కేసులు చెప్తా, ఎందుకంటే మన ఇళ్లలో వచ్చేవి ఇవే.

ఇడ్లీ పిండి, బ్లెండర్. ఇక్కడి బ్లెండర్ స్మూతీల కోసం చేసింది, మనం నానబెట్టిన మినప్పప్పు గట్టిగా రుబ్బుతాం, నీళ్లు పోస్తే ఇడ్లీ పాడవుతుందని పొయ్యం, మూడో వారం కాలిన వాసన. ఇది ఇవ్వొచ్చా? మాన్యువల్లో గట్టి పిండి వద్దని రాసుంటే అది మన తప్పు, ఊరుకోవాలి. రాయకుండా పెట్టె మీద "ఏదైనా గ్రైండ్ చేస్తుంది" అని బొమ్మలేస్తే మొదటిసారి ఇచ్చెయ్యండి, కారణం కూడా ఉన్నదున్నట్టు చెప్పండి, పప్పు రుబ్బానని. అదే మోడల్ మళ్లీ తెచ్చి మళ్లీ కాల్చి మళ్లీ ఇస్తే మాత్రం అది మీకు తెలిసే చేస్తున్నట్టు. వెట్ గ్రైండర్ కొనుక్కోండి, గొడవ వదిలిపోతుంది.

సూట్‌కేసులు. మొదటి ఇండియా ట్రిప్పుకే చక్రం ఊడితే స్టోర్‌కి పట్టుకెళ్లండి, అంతకంటే ముందు ఎయిర్‌పోర్ట్ దాటకుండా ఎయిర్‌లైన్ వాళ్ల కౌంటర్లో కంప్లైంట్ రాయించండి, విసిరింది వాళ్లు కదా. ఎనిమిదేళ్లు 23 కిలోల చొప్పున ఆవకాయ జాడీలు, స్టీలు గిన్నెలు మోసిన పెట్టె జిప్పు తెగిందని తీసుకెళ్లడం, తీసుకుంటారేమో గానీ, ఆ పెట్టె తన పని తను చేసేసింది, వదిలెయ్యండి పాపం.

బట్టలు త్వరగా తేలిపోతాయి. ట్యాగు లోపలికి దోపి ఫంక్షన్‌కి వేసుకెళ్లి మర్నాడు ఇచ్చేది నాన్న చూసిన పట్టుచీరే, అమెరికాలో దీనికోసం బ్లూమింగ్‌డేల్స్ అనే పెద్ద స్టోరు 2013లో ఖరీదు గౌన్ల ముందువైపే అంచు దగ్గర పెద్ద నల్ల ట్యాగు పెట్టడం మొదలుపెట్టింది, అది పీకితే రిటర్న్ లేదు. ఇంటర్వ్యూ సూట్ కావాల్సిన స్టూడెంట్లు, మీ యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌ని అడగండి, చాలాచోట్ల ఊరికే ఇస్తారు.

తినేవి, పిల్లలవి వేరే లెక్క. తెరిచిన తిండి ఎంత బాగున్నా వెనక్కిస్తే చెత్తబుట్టకే, బ్రెస్ట్ పంపు కూడా అంతే, ఇంకొకళ్లకి అమ్మరు. రుచి నచ్చకపోతే పక్కింటివాళ్లకి ఇవ్వండి. పాడైన పాలు, బూజు పట్టిన బ్రెడ్డు మాత్రం మొహమాటపడకుండా తీసుకెళ్లండి, మా అమ్మలాంటివాళ్లుంటారు, కుళ్లిన ద్రాక్షపళ్లు కూడా "పోన్లే ఎవరితో గొడవ" అని పారేస్తారు, అదీ తప్పే, వాళ్లకి తెలియకపోతే అదే లాట్ ఇంకో పదిమందికి వెళ్తుంది.

ఇవ్వాలని తేలాక, ఎలా ఇవ్వాలి. గడువు 90 రోజులుంటే 89వ రోజుదాకా ఆగొద్దు, నచ్చలేదని తెలిసిన వారంలోనే వెళ్లండి, వస్తువు ఎంత కొత్తగా ఉంటే అంత మంచి రేటుకి ఓపెన్ బాక్స్‌లో, అంటే ఒకసారి తెరిచినవి తగ్గించి అమ్మేచోట, అమ్ముడుపోతుంది. తుడవండి, వాక్యూమ్ క్లీనర్ అయితే డబ్బాలో దుమ్ము తీసెయ్యండి, లోపల మీ జుట్టుతో ఇవ్వకండి దయచేసి. వైర్లు, రిమోటు, స్క్రూల కవరు, మాన్యువల్ అన్నీ లెక్కపెట్టి పెట్టండి, ఒక్క స్క్రూ కవరు లేకపోతే మంచి టేబుల్ కూడా ఎవరికీ పనికిరాదు. ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ ఏదైనా ముందు మీ అకౌంట్లన్నీ లాగౌట్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి, ఇది వాళ్లకోసం కాదు మీకోసమే. పాతది పాడైతే కొత్తది కొని, కొత్త పెట్టెలో పాతది పెట్టి ఇచ్చే తెలివితేటలు కొంతమంది చెప్తుంటారు, అది మొహమాటం లేకుండా చెప్పాలంటే దొంగతనం, సీరియల్ నంబర్ చూస్తే దొరికిపోతారు, వీసా మీద ఉన్నవాళ్లయితే ఆ పని ఊహలోకి కూడా రానివ్వొద్దు. కొన్ని స్టోర్లు రిటర్న్ అప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ స్కాన్ చేస్తాయి, దాన్నిబట్టి ఎవరు ఎన్నిసార్లు ఇస్తున్నారో చూసే కంపెనీలే ఉన్నాయి, మరీ ఎక్కువైతే మీది తీసుకోమనేస్తారు. గడువు దాటితే కౌంటర్లో బతిమాలకుండా తయారీదారు వారంటీకి ఫోన్ చెయ్యండి, చాలాసార్లు పార్టు పంపిస్తారు.

ఇక కొద్దిరోజులకే కావాలని ముందే తెలిసినవి అసలు కొనకండి. టెంటు, స్లీపింగ్ బ్యాగు ఆర్‌ఈఐ స్టోర్లు కొన్నిటిలో అద్దెకే ఇస్తారు, మంచి కెమెరా లెన్సులు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, లైబ్రరీల్లో పుస్తకాలే కాదు కొన్నిచోట్ల వైఫై హాట్‌స్పాట్లు, టెలిస్కోపులు కూడా ఇస్తారు. లేదంటే ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో సెకండ్ హ్యాండ్ కొని, అవసరం తీరాక అదే రేటుకి అమ్మెయ్యండి, పోతే పది డాలర్లు పోతాయి. అన్నిటికంటే తేలిక మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, ఎవరి అమ్మానాన్నలో ఒకళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటారు, ఎవరో ఒకళ్లు వెళ్తూనే ఉంటారు.

ఆ ఐదు నెలల పరుపు డబ్బులు మళ్లీ తీసుకెళ్లి ఇవ్వలేదు నేను, ఆ మాట చెప్పకపోతే ఇదంతా రాయడం బాగోదు. రెండోసారి అమ్మానాన్న వచ్చినప్పుడు ఇంకోటి కొన్నా, ఈసారి అది వెనక్కి పోలేదు. ఇప్పటికి నాలుగిళ్లు తిరిగింది, డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఒకళ్ల మామగారు మోకాళ్ల ఆపరేషన్ తర్వాత కూడా దాని మీదే పడుకున్నారు, మూడో ఇంటివాళ్లు మూల దగ్గర చిన్న చిల్లుకి ప్యాచ్ కూడా వేయించారు. అంటే ఇప్పుడిది నిజంగానే కాస్త లీక్ అవుతుంది. పైన దుప్పటి నాదే, పంపు మాత్రం రెండో ఇంట్లోనే ఉండిపోయింది, కావాల్సినవాళ్లు పంపు తెచ్చుకోండి.