సర్వే పరీక్షకి మన హైస్కూల్ సెలెక్ట్ అయితే ముందే చూసుకోవాల్సినవి

వాట్సాప్ గ్రూప్‌లో సర్వేకి ఎంపికైన స్కూళ్ళ లిస్ట్ పడుతుంది, పీడీఎఫ్ తెరిచి కిందికి జరుపుకుంటూ పోతే మన యూడైస్ కోడ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో స్కూల్ నంబర్) కనిపిస్తుంది, అంతే, స్టాఫ్ రూమ్‌లో టెన్షన్ మొదలు. "సిటీలో ఇన్ని స్కూళ్ళుంటే మనదే దొరికిందా వీళ్ళకి" అని ఒకరు, "రేపటి నుంచే స్పెషల్ క్లాసులు పెట్టేద్దాం సార్" అని ఇంకొకరు. హైదరాబాద్ హైస్కూళ్ళలో ఈ సీన్ నేను రెండుసార్లు చూశాను. 2021 నవంబర్ 12న న్యాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) జరిగినప్పుడు 8, 10 తరగతులు, 2024 డిసెంబర్ 4న దాని కొత్త రూపమైన పరఖ్ సర్వేక్షణ్ జరిగినప్పుడు 6, 9 తరగతులు. మొదటిసారైతే కరోనా తర్వాత బడులు తెరిచి రెండు నెలలు దాటి కొద్ది రోజులే అయింది, పిల్లలు పెన్ను పట్టుకోవడమే మర్చిపోయినట్టు ఉన్నారు.

ముందు ఆ స్పెషల్ క్లాసుల ఆలోచన మానేయండి. ఇది పదో తరగతి పబ్లిక్ పరీక్ష కాదు. ఇందులో ఏ పిల్లకీ మార్కుల మెమో రాదు, పాస్ ఫెయిల్ ఉండదు, పోయిన మార్కులని ఎవరూ టీసీ మీద రాయరు. దేశమంతా కొన్ని స్కూళ్ళని తీసుకుని, అందులో కొంతమంది పిల్లల చేత రాయించి, జిల్లాలో ఫలానా తరగతి పిల్లలకి ఏం వస్తోంది ఏం రావట్లేదు అని చూసుకునే లెక్క ఇది. పదిహేను రోజుల్లో భిన్నాలు రాని పిల్లకి భిన్నాలు నేర్పేయగలిగితే మనం ఎప్పుడో నేర్పేసేవాళ్ళం కదా. చెడిపోయేవన్నీ మన చేతుల్లో ఉన్న చిన్నచిన్న పనుల దగ్గరే చెడిపోతాయి, కాబట్టి వాటి మీద కూర్చోండి.

మొదటిది రిజిస్టర్. హాజరు పట్టిక, అడ్మిషన్ రిజిస్టర్, యూడైస్‌లో ఉన్న పిల్లల లిస్ట్, మూడూ పక్కపక్కన పెట్టుకుని ఒక మధ్యాహ్నం కేటాయించండి. మూడూ ఒకదానితో ఒకటి కలిసిన స్కూల్ సిటీలో నాకైతే ఇంతవరకూ తగల్లేదు. కూలి పనికి వచ్చిన కుటుంబాలు దసరాకి ఊరెళ్ళి తిరిగి రావు, పిల్ల పేరు మాత్రం రిజిస్టర్‌లో అలాగే ఉంటుంది. ఆరో తరగతి ఇంకా కష్టం, నాలుగైదు ప్రైమరీ స్కూళ్ళ నుంచి వచ్చి చేరతారు, పాత స్కూల్ వాళ్ళు ఆన్‌లైన్‌లో రిలీజ్ చేయక కొందరు డ్రాప్‌బాక్స్‌లోనే (ఏ స్కూల్ లెక్కలోనూ పడని పిల్లల జాబితాలో) ఉండిపోతారు. మన క్లాస్‌లో రోజూ కూర్చునే పిల్ల లెక్కలో ఉండదు, ఎప్పుడో వెళ్ళిపోయిన పిల్లాడు ఉంటాడు. ఇవన్నీ పరీక్ష రోజు పొద్దున ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ (పరీక్ష నడపడానికి బయటి నుంచి వచ్చే మనిషి) ముందు బయటపడితే అక్కడే గంట పోతుంది.

దీనికి తోడు మీడియం. మన దగ్గర ఒకే కాంపౌండ్‌లో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం, ఇంగ్లీష్ మీడియం నడుస్తుంటాయి. లిస్ట్‌లో ఏ మీడియం అని పడిందో, పిల్లలు నిజంగా ఏ మీడియంలో చదువుతున్నారో ఒక్కసారి కాదు, రెండుసార్లు చూసుకోండి, తేడా ఉంటే వెంటనే రాతపూర్వకంగా పైకి తెలియజేయండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. 2022-23 నుంచి మన పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్‌గా వస్తున్నాయి, ఇంగ్లీష్ మీడియం అని పేరుకి చేరిన పిల్లలు చాలామంది చదివేది తెలుగు పేజీనే. పరీక్షలో ఆ ఎదురు పేజీ ఉంటుందని నమ్ముకోకూడదు. ఆ విషయం పిల్లలకి ముందే చెప్పాలి, ఇంగ్లీష్‌లో ఉన్న లెక్క ప్రశ్నని మెల్లగా రెండుసార్లు చదువుకోవడం క్లాస్‌లో మామూలుగానే అలవాటు చేయించాలి.

ఇక ఓఎంఆర్, అంటే గడులు నింపితే మెషిన్ చదివే జవాబు షీట్. నన్నడిగితే సగం కష్టం ఇక్కడే ఉంది. మన పిల్లలకి బిట్ పేపర్ తెలుసు, బ్రాకెట్‌లో ఏ, బీ, సీ రాయడం తెలుసు, కానీ గుండ్రటి గడిని పెన్నుతో నింపడం చాలామందికి తెలీదు. టిక్ పెడతారు, ఇంటూ పెడతారు, చుట్టూ సున్నా చుడతారు, ఒకటి నింపి అబ్బే ఇది కాదని పక్కది కూడా నింపుతారు. 2021లో నేనున్న స్కూల్‌లో పదో తరగతి పిల్లాడొకడు, క్లాస్‌లో మొదటి వరుసలో ఉండేవాడు, అందరికంటే ముందు రాసేసి బయటికి వచ్చి "సార్, అన్నీ రాశాను కానీ చివర్లో ఒక వరుస మిగిలిపోయింది" అన్నాడు. నాకు గుండె జారింది. మధ్యలో ఎక్కడో ఒక ప్రశ్న తర్వాత చేద్దామని వదిలి, షీట్‌లో మాత్రం ఆ వరుస వదలకుండా కిందిది అందులో నింపేశాడు. అక్కడి నుంచి అన్నీ ఒక వరుస పైకి జరిగాయి. ఆ షీట్ చదివిన మెషిన్ దృష్టిలో వాడికి దాదాపు ఏమీ రానట్టే.

అందుకని స్పెషల్ క్లాసులకి పెట్టాలనుకున్న టైమ్‌లో కాస్త దీనికి పెట్టండి. జిరాక్స్ షాప్‌లో ఓఎంఆర్ లాంటి షీట్ కాపీలు తీయించండి, మనిషికి రెండు వచ్చేలా చూసుకుంటే ఖర్చు పెద్దగా కాదు. బోర్డు మీద పెద్దగా గీసి, నింపిన గడి ఎలా ఉండాలో చూపించి, వాళ్ళ చేత 20 ప్రశ్నలు చేయించండి, ప్రశ్నలు ఏవైనా సరే, కిందటి ఏడాది పాఠాలవైనా పర్వాలేదు. కావాలనే "ఏడో ప్రశ్న వదిలేయండి, ఎనిమిది చేయండి" అని చెప్పి, షీట్ మీద ఎనిమిదో వరుసకి వెళ్ళారా లేదా తిరిగి చూడండి. స్కేలు అడ్డంగా పెట్టుకుని వరుస వరుసకీ జరుపుకోమని చెప్తే చాలామంది తప్పు ఆగిపోతుంది. ఆరో తరగతిలో ఇంకా పెన్సిల్ వదలని పిల్లలుంటారు, వాళ్ళకి వారం ముందు నుంచే బాల్ పెన్ ఇవ్వండి, నీలమో నలుపో, ఇంకు కారేది మాత్రం వద్దు. నీళ్ళ బాటిల్ డెస్క్ మీద ఉండకూడదు, కిందే. పొద్దున టిఫిన్ తిన్న చేయి కడుక్కున్నాకే షీట్ ముట్టుకోవాలి, పునుగుల నూనె మరక పడితే దానికి మందు లేదు.

గదుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఊగే బెంచీలు వేరే గదిలోకి మార్చండి, తరగతికి 30 మందికి మించి కూర్చునే పని సాధారణంగా ఉండదు కాబట్టి గాలీ వెలుతురూ ఉన్న మంచి గది తరగతికి ఒకటి చాలు. గోడల మీద ఎక్కాలూ సూత్రాలూ రాసిన చార్టులు ఉంటే తీసేయండి లేదా పేపర్ కప్పండి. నీళ్ళు, టాయిలెట్ ముందు రోజు సాయంత్రం చూసుకోండి. సిటీలో ఉన్న అసలు బాధ బయటి చప్పుడు. నవంబర్, డిసెంబర్ అంటే పెళ్ళిళ్ళు, పక్కన ఫంక్షన్ హాల్ ఉందంటే బ్యాండ్ ఎప్పుడు మోగుతుందో తెలీదు. ముందే వెళ్ళి మేనేజర్‌తో మాట్లాడితే వింటారు, నేను మాట్లాడినప్పుడు విన్నారు. అదే కాంపౌండ్‌లో ప్రైమరీ స్కూల్ ఉంటే ఆ హెచ్‌ఎం (హెడ్‌మిస్ట్రెస్) మేడమ్‌కి చెప్పి ఇంటర్వెల్ బెల్, ఆటలు కాస్త జరుపుకోమనండి.

ఇప్పుడు కొంచెం చేదు మాట. నేను పనిచేసిన ఒక స్కూల్‌లో పరీక్ష ముందు రోజు సాయంత్రం, చదువురాని ఆరుగురు పిల్లలకి "రేపు మీరు రావద్దు, రెస్ట్ తీసుకోండి" అని చెప్పారు. నేను అప్పుడు గట్టిగా అడ్డం పడలేదు, ఇప్పటికీ అది నన్ను కుట్టే విషయం. అందులో ఒక పిల్ల మర్నాడు అలవాటుగా యూనిఫాం వేసుకుని వచ్చేసింది, గేటు దగ్గర నిలబడి లోపలికి రానా వద్దా అని అటెండర్‌ని అడుగుతోంది. ఆ పిల్లకి ఏం రాదో తెలుసుకోవడానికే కదా అసలు ఈ సర్వే. ఆమెని ఇంట్లో కూర్చోబెట్టి మంచి మార్కులు చూపిస్తే, ఆ తరగతికి రావాల్సిన శిక్షణ, మెటీరియల్, ఉన్నతి లాంటి, హైస్కూల్ పిల్లల చదువు మెరుగుపరిచే కార్యక్రమాల్లో పెట్టే శ్రద్ధ, అన్నీ ఇక్కడ అక్కర్లేదన్నట్టే లెక్క పడుతుంది. పక్క సెక్షన్ నుంచి చురుకైన పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టడం కూడా ఇదే జాతి పని. రోజూ వచ్చే పిల్లలందరినీ రమ్మనండి, తరచూ మానేసే వాళ్ళ ఇళ్ళకి రెండు రోజుల ముందు ఫోన్ చేయండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఉంటే వాళ్ళకి ఏ సాయం కావాలో ముందే రాసిపెట్టి ఇన్వెస్టిగేటర్‌కి చెప్పండి, పక్కన పెట్టేయకండి.

పరీక్ష నడిపే ఆ ఇన్వెస్టిగేటర్ తరచుగా నేరేడ్‌మెట్ డైట్‌లోనో (టీచర్ ట్రైనింగ్ సంస్థ) ఏదో బీఈడీ కాలేజీలోనో చదువుకునే ఇరవై ఏళ్ళ పిల్లే అయి ఉంటుంది. మనం ముప్పై ఏళ్ళ సర్వీసు వాళ్ళం, ఎదురుగా నిలబడితేనే భయపడుతుంది. ఆమెకి కుర్చీ వేయండి, చాయ్ ఇవ్వండి, గది చూపించండి, ఆ తర్వాత మీరు వరండాలోకి వచ్చేయండి. సీల్ ఉన్న ప్యాకెట్ అందరి ముందే తెరవాలి, ముందు రోజు రాత్రి "ఒకసారి చూద్దాం" అని ఎవరూ చేయి పెట్టకూడదు. పిల్లల ఎంపిక నియమం ప్రకారం ఆమే చేస్తుంది, "ఆ అమ్మాయి బదులు ఈ అమ్మాయిని తీసుకో తల్లీ" అనేది అస్సలు వద్దు. సబ్జెక్ట్ టీచర్లు కిటికీ దగ్గర తచ్చాడటం, నీళ్ళిస్తున్నట్టు లోపలికి వెళ్ళి "నాలుగోది మళ్ళీ చూసుకో" అనడం, ఇవి ఎవరికీ తెలీవనుకుంటారు కానీ పిల్లలే ఇంటికెళ్ళి చెప్తారు. స్టాఫ్ ఫోన్లన్నీ ఆ రెండు మూడు గంటలు హెచ్‌ఎం బీరువాలో పెట్టించండి, హెచ్‌ఎం ఫోన్‌తో సహా. ఇలాంటి సర్వేల్లో కొన్ని ప్రశ్నలు తర్వాత కూడా వాడతారు, పేపర్ ఫోటో ఒక్కటి గ్రూప్‌లోకి పోయిందంటే ఎవరు తీశారో వెతకడం తర్వాతి మాట, ముందు షోకాజ్ నోటీసు హెచ్‌ఎం పేరు మీదే వస్తుంది.

పరీక్షతో పాటు పిల్లలకో ప్రశ్నావళి, టీచర్లకొకటి, స్కూల్‌కొకటి ఉంటాయి. పిల్లలది వాళ్ళనే నింపనివ్వండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇంట్లో ఏమేం ఉన్నాయి లాంటివి అడుగుతారు, మనం పక్కన నిలబడితే లేని ఫ్రిజ్ కూడా ఉందని పెడతారు పాపం. స్కూల్ ప్రశ్నావళి కోసం గదులు, టాయిలెట్లు, పిల్లల సంఖ్య ఒక తెల్ల కాగితం మీద ముందే రాసిపెట్టుకుంటే ఆ రోజు రిజిస్టర్ల కోసం పరిగెత్తక్కర్లేదు.

అయిపోయాక బుక్‌లెట్లు, ఓఎంఆర్‌లు, మిగిలినవి కూడా, ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ప్యాకెట్ సీల్ అయ్యాకే సంతకం పెట్టండి. ఇచ్చిన సంఖ్య, తిరిగి ఇచ్చిన సంఖ్య మీ డైరీలో కూడా రాసుకోండి. పిల్లలు "సార్ నాకెన్ని వచ్చాయి" అని వారం దాకా అడుగుతారు, తల్లిదండ్రులు కూడా ఫోన్ చేస్తారు, దీనికి విడిగా మార్కులు రావని ముందే ప్రేయర్‌లో చెప్పి ఉంటే ఆ గొడవ తగ్గుతుంది. భోజనం తర్వాత యథావిధిగా పీరియడ్లు అని టైమ్‌టేబుల్‌లో ఉన్నా సరే, ఆరో తరగతి వాళ్ళని ఆ పూట గ్రౌండ్‌కి వదిలేయండి, గ్రౌండ్ లేని స్కూల్ అయితే వరండా చాలు.