రిమోట్ సర్వర్ మీద సి ప్రోగ్రామ్‌తో కమాండ్ నడిపే ముందు

సి ప్రోగ్రామ్ నుంచి వేరే సర్వర్ మీద కమాండ్ నడపాలంటే చాలామంది చేసేది ఒకటే: స్ట్రింగ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (వేరే సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే టూల్), సర్వర్ పేరు, కమాండ్ కలిపేసి, కమాండ్ నడిపే సిస్టమ్() ఫంక్షన్‌కి ఇచ్చేయడం. టెస్ట్ సర్వర్‌లో బాగానే నడుస్తుంది. ప్రొడక్షన్‌కి వదిలే ముందు మాత్రం కాస్త ఆగండి.

అసలు టెన్షన్ షెల్‌తోనే, అంటే కమాండ్ లైన్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్‌తోనే. ఆ స్ట్రింగ్‌ను మీ మెషీన్‌లో షెల్ ఒకసారి చదువుతుంది, అవతలి సర్వర్‌లో లాగిన్ షెల్ ఇంకోసారి చదువుతుంది. సిస్టమ్() మానేసి ఫోర్క్, ఎగ్జెక్‌వీపీ (షెల్ లేకుండా నేరుగా ప్రోగ్రామ్ నడిపే ఫంక్షన్లు) వాడితే చాలనుకుంటారు గానీ దాంతో ఆగేది మొదటి షెల్ ఒక్కటే, ఎందుకంటే మీరు విడివిడిగా ఇచ్చిన ఆర్గ్యుమెంట్లన్నిటినీ ఎస్‌ఎస్‌హెచ్ మధ్యలో స్పేస్ పెట్టి మళ్లీ ఒకే స్ట్రింగ్ చేసి పంపుతుంది. ఫైలు పేరు అడిగిన చోట ఎవడో "రిపోర్ట్; ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ డేటా" అని కొట్టాడనుకోండి, సెమీకోలన్ దగ్గర మీ కమాండ్ అయిపోయి వాడి డిలీట్ కమాండ్ మొదలవుతుంది. సింగిల్ కోట్స్ చుట్టినా, ఆ పేరులోనే ఒక సింగిల్ కోట్ ఉంటే మళ్లీ మొదటికే. నన్నడిగితే యూజర్ ఇచ్చిన టెక్స్ట్‌ను కమాండ్‌లో అసలు పెట్టకండి. అవతల ఒక స్క్రిప్ట్ ఉంచి, డేటాను దాని స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి పంపండి.

హోస్ట్ కీ చెక్ (అవతలిది నిజంగా ఆ సర్వరేనా అని చూడటం) అడ్డొస్తోందని 'స్ట్రిక్ట్‌హోస్ట్‌కీచెకింగ్=నో' పెట్టేస్తారు. వద్దు. కీని ముందే నోన్‌హోస్ట్స్ ఫైల్లో వేసుకోండి. లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2 (ఎస్‌ఎస్‌హెచ్ పనిని సి కోడ్‌లోంచే చేయించే లైబ్రరీ) వాడేవాళ్లయితే ఆ చెక్ మీరే రాయాలి, లైబ్రరీ దానంతటది చేయదు.

ఇక రిటర్న్ వాల్యూ. కమాండ్ ఫెయిలై 1 అనే ఎగ్జిట్ కోడ్‌తో బయటికొస్తే లినక్స్‌లో సిస్టమ్() 256 ఇస్తుంది, డబ్ల్యూఎగ్జిట్‌స్టేటస్ మాక్రోతో విప్పి చూడాలి. విప్పాక 255 వస్తే చాలాసార్లు ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ దగ్గరే తేడా కొట్టిందని అర్థం. లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2లో ఇంకో తిరకాసుంది: ఎగ్జిట్ స్టేటస్ అందకపోయినా, దాన్ని తెచ్చిచ్చే ఫంక్షన్ 0 ఇస్తుంది, మీ కోడేమో దాన్ని సక్సెస్ అనుకుంటుంది. అందుకే పని పూర్తయితే చివర్లో ఒక గుర్తు లైను ప్రింట్ చేయించి అది వచ్చిందో లేదో చూస్తాను నేను.

రాత్రిపూట క్రాన్‌లో (టైముకి పనులు నడిపే ప్రోగ్రామ్) నడిచేదైతే 'బ్యాచ్‌మోడ్=యెస్', 'కనెక్ట్‌టైమౌట్=10' పెట్టండి: మొదటిది పాస్‌వర్డ్ అడగనివ్వదు, రెండోది కనెక్షన్ కోసం పది సెకన్లకు మించి కూర్చోనివ్వదు. ఇవతల ఎస్‌ఎస్‌హెచ్‌ను కిల్ చేసినంత మాత్రాన అవతల ప్రాసెస్ చావాలని లేదు, కాబట్టి కమాండ్ ముందు 'టైమౌట్ 60' అవతలే తగిలించండి. కనెక్షన్ మధ్యలో తెగితే పని అయిందో లేదో తెలీదు కదా, రెండుసార్లు నడిచినా నష్టం లేని కమాండ్‌కే రీట్రై పెట్టండి.

ఈ పనికి రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) కీ ఇవ్వకండి. వేరే యూజర్‌ను పెట్టి, ఆథరైజ్డ్ కీస్‌లో (ఏ కీలతో లాగిన్ కావచ్చో అవతల రాసి ఉంచే ఫైలు) ఆ కీ ముందు 'రిస్ట్రిక్ట్' అని, పక్కనే 'కమాండ్=' అని మీ స్క్రిప్ట్ పాత్ రాయండి. అప్పుడు ఆ కీతో ఎవరేం పంపినా నడిచేది ఆ స్క్రిప్టే.