కొయ్యబొమ్మతో వింగ్ చున్ సాధనకు ముందు జాగ్రత్తలు
దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు యుద్ధవిద్య అయిన వింగ్ చున్‌లో, మూడు చేతులు, ఒక కాలు ఉండే ‘ముక్ యాన్ జాంగ్’ అనే కొయ్యబొమ్మపై సాధన చేసేముందు కొన్ని విషయాలు తప్పక సరిచూసుకోవాలి.

బొమ్మను మోసే రెండు అడ్డపట్టీలు చట్రానికి గట్టిగా బిగిసి ఉన్నాయో లేదో, నెట్టినప్పుడు అవి కొద్దిగా వంగి మళ్లీ యథాస్థితికి వస్తున్నాయో లేదో చూడాలి. దెబ్బ అదురు మణికట్టుకు ఎక్కకుండా కాపాడేది ఆ వంపే. చేతుల కొయ్య పగిలి ఉంటే సాధన చేయకూడదు. పేళ్లు లేస్తే ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. ఉంగరాలు, గడియారం తీసివేయాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది తొందరపడకపోవడం. వింగ్ చున్‌లో మొదట నేర్పే రెండు రూపాలు (నిర్ణీత కదలికల వరుసలు) అయిన సియు నిమ్ తావ్, చమ్ కియు గురువు పర్యవేక్షణలో స్థిరపడకముందే బొమ్మను కొట్టడం మొదలుపెట్టినవారికి బలాన్ని బలంతో ఢీకొనే అలవాటు పడుతుంది, దాన్ని తరువాత మాన్పించడం ఎంతో కష్టం. ప్రసిద్ధ వింగ్ చున్ గురువు ఇప్ మాన్ పరంపరలో 116 కదలికలుగా నేర్పే బొమ్మ రూపాన్ని కూడా విభాగాలుగా, స్థానం, కోణం కుదిరేవరకు నెమ్మదిగానే అభ్యసించాలి.

ముంజేతులు ముందే కమిలి ఉంటే ఆ రోజు విరామం ఇవ్వాలి. ఎముకపై నొక్కినప్పుడు నొప్పి కొనసాగుతుంటే వైద్యునికి చూపించాలి.