క్షయ అనుమానమున్న గేదెను పితికే ముందు

- మేత తింటున్నా చిక్కిపోతోందా, దగ్గు తగ్గట్లేదా? ముందు పశువైద్యుడికి చూపించండి. మెడ చర్మంలో ట్యూబర్‌క్యులిన్ (క్షయ పరీక్షకు వాడే ద్రవం) సూది వేసి, 72 గంటలకు వాపు కొలుస్తారు. అంతవరకూ విడిగా కట్టేయండి.
- ఎన్‌95 మాస్కు, గ్లౌజులు. చేతికి గాయముంటే పితకడం మానండి.
- గుమ్మపాలు బలమని పొదుగు దగ్గరే తాగేవాళ్లు ఇంకా ఉన్నారు. పశువుల్లో క్షయ తెచ్చే మైకోబ్యాక్టీరియం బోవిస్ క్రిమి మనిషిని చేరే ముఖ్యమైన దారి పచ్చిపాలే. పొంగేదాకా కాస్తే ఆ క్రిమి చస్తుంది. అయినా రోగం తేలిన గేదె పాలు కాచి కూడా వాడొద్దు.
- ఇంట్లో టీబీ రోగి ఉంటే కొట్టంలోకి పంపకండి, మనిషి నుంచి పశువుకూ సోకుతుంది.
- మీకు రెండు వారాలకు మించి దగ్గు, మెడలో గడ్డలుంటే డాక్టరుకు గేదె సంగతీ చెప్పండి. ఎందుకంటే టీబీకిచ్చే మందుల్లో ఒకటైన పైరజినమైడ్ ఈ పశువుల క్షయ క్రిమిపై పనిచేయదు.