రాత్రిపూట మూగబోయిన సెన్సార్: నా అనుభవం

మెట్ల దగ్గర ఎవరైనా కదలగానే దీపం వెలిగేలా పెట్టిన కదలిక సెన్సార్ పగలంతా చక్కగా పనిచేస్తూ, రాత్రి 10 దాటాక మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పోయేది. ఏ కదలికకు ఏ దీపం వెలగాలో చెప్పే నియమాలన్నీ, ఇంటి పరికరాలను నడిపే కంట్రోలర్‌లోనే ఉంటాయి కనుక తప్పు అక్కడే ఉందనుకొని రెండు రోజులపాటు వాటినే తిరగరాశాను. ఆ శ్రమంతా వృథా అయింది. జిగ్‌బీలో (ఇలాంటి చిన్న పరికరాలు మాట్లాడుకొనే వైర్‌లెస్ పద్ధతి) వచ్చే కబురును బ్రిడ్జ్ అనే పరికరం ఇంటి నెట్‌వర్క్‌కు అర్థమయ్యేలా మార్చి అందిస్తేనే కంట్రోలర్ నిర్ణయం తీసుకోగలదు కాబట్టి, ముందుగా చూడవలసింది ఆ కబురు బ్రిడ్జ్‌దాకా వచ్చిందా లేదా అన్నదే. బ్రిడ్జ్ లాగ్ (వచ్చిన కబుర్ల చిట్టా) తెరిచి చూస్తే, రాత్రి 10:04 తర్వాత ఆ సెన్సార్ పేరిట ఒక్క వరుస కూడా లేదు.

సరిగ్గా ఆ వేళకే మేము వరండా బల్బును గోడ స్విచ్‌తో ఆర్పేవాళ్లం. నిరంతరం కరెంటు అందే జిగ్‌బీ బల్బులు చాలావరకు, తాము వెలుగుతూనే, బ్యాటరీ సెన్సార్ల కబుర్లను కూడా ముందుకు చేరవేస్తాయి; స్విచ్ కట్టేస్తే ఆ దారి తెగిపోతుంది. కొన్ని సెన్సార్లు వేరే దారి వెతుక్కుంటాయి గానీ, నాది పాత దారినే పట్టుకొని ఉండిపోయింది. అందుకే గోడ స్విచ్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి, బల్బులాగే కబుర్లు చేరవేసే ఒక జిగ్‌బీ స్మార్ట్ ప్లగ్‌ను మెట్ల పక్కన అమర్చి, దగ్గరలోని దారినే పట్టుకొనేలా సెన్సార్‌ను బ్రిడ్జ్ దగ్గరకు తీసుకెళ్లకుండా అది ఉండే చోటనే మళ్లీ జతచేశాను. వైఫై రూటర్‌కు ఆనించి ఉన్న బ్రిడ్జ్‌ను కూడా మీటరు దూరం జరిపాను, ఎందుకంటే జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే వైఫై కూడా వాడుతుంది కనుక ఒకదానికొకటి అడ్డురావచ్చు. ఆ రాత్రి 11 గంటలకు మొదటి మెట్టుమీద కాలు పెట్టగానే దీపం వెలిగింది.