చెన్నై వానలకు ముందే ఇంటి డ్రైనేజీ చూసుకోండి

చెన్నైలో అసలు వానాకాలం అక్టోబరు మూడో వారం ప్రాంతంలో మొదలవుతుంది. నవంబరులో ముదురుతుంది. డిసెంబరు దాకా తుపాను భయం ఉంటూనే ఉంటుంది. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చూసినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వేళచ్చేరి, మడిపాక్కం లాంటి పల్లపు ప్రాంతాల్లో గ్రౌండ్ ఫ్లోరులో ఉండేవాళ్ళకి వీధిలో నిలిచిన నీళ్ళకన్నా బాత్రూమ్ జాలీలోంచి పైకి తన్నే మురుగుతోనే ఎక్కువ టెన్షన్.

వీధి లైను నిండిపోకుండా ఆపడం మన వల్ల కాదు. మన ఇంటి పైపులు, అవి కలిసేచోట మూత పెట్టి ఉండే చాంబర్లు మాత్రం మన చేతిలో పనే. సగం పూడిన పైపు ఎండాకాలంలో ఎలాగోలా నెట్టుకొస్తుంది. వానల్లో వీధి లైను నిండుగా ఉంటే ఇంటి నీరు అసలే మెల్లగా కదులుతుంది, ఆ సగం పూడికే అప్పుడు పూర్తి అడ్డంకి అవుతుంది. ఆ వానల రోజుల్లో ప్లంబర్ దొరకడం కూడా కష్టం. కాబట్టి సెప్టెంబరు చివరికల్లా, ఆలస్యమైతే దసరా సెలవుల్లోనైనా ఈ పనులు ముగించుకోండి.

దీపావళి కూడా సరిగ్గా ఈ వానల వేళకే వస్తుంది. పండగకి ముందు జంతికలు, అరిసెలు వండిన మూకుళ్ళ నూనె సింకులోకి పోతుంది. పండగనాడు తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకుంటే నువ్వుల నూనె, శీకాయ పొడి, నలుగుపిండి, ఊడిన జుట్టు కలిసి బాత్రూమ్ జాలీ కింద నీరు నిలిచే ట్రాపులోకి చేరతాయి. ఈ రెంటి ఫలితం నవంబరులో కనబడుతుంది.

నూనె వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలాగే జారిపోతుంది. నెయ్యి, డాల్డా, పామాయిల్ అయితే పైపులో చల్లబడి గోడకి పట్టేస్తాయి. మిగతా నూనెలూ ఊరుకోవు. బోరు నీళ్ళలోని సున్నంతో కలిసి కొవ్వు తెల్లటి గట్టి సబ్బులా పేరుకుంటుంది. దానికి గ్రైండర్ కడిగిన ఇడ్లీ పిండి, గంజి, కాఫీ పిప్పి, చింతపండు పీచు తోడైతే పైపు దారి రోజురోజుకీ సన్నబడుతుంది. కాఫీ పిప్పి కరగదు, వంపులో అడుగున కూర్చుంటుంది. దాన్ని మొక్కల మట్టిలో కలిపేయండి. మూకుడుని కడిగే ముందు పాత పేపరుతో తుడవండి. గ్రైండర్ గిన్నెలోని పిండిని గరిటెతో పూర్తిగా తీసుకున్నాకే నీళ్ళు పోయండి.

సింకు కింద సీసాలా వేలాడే భాగాన్ని బాటిల్ ట్రాప్ అంటారు. దీన్ని విప్పడానికి ప్లంబర్ అక్కర్లేదు. కింద బకెట్ పెట్టి, అడుగున ఉన్న మూతని చేత్తోనే అపసవ్య దిశలో తిప్పండి. మొదట నల్లటి నీరు కారుతుంది, తర్వాత జిగటగా ఒక ముద్ద జారుతుంది. అందులో ఆవాలు, కరివేపాకు ఈనెలు, అన్నం మెతుకులు వేరువేరుగా కనబడతాయి. పాత టూత్‌బ్రష్‌తో లోపలి గోడ రుద్దండి. విప్పినప్పుడు రబ్బరు వాషర్ ఎటువైపు ఉందో చూసుకుని మళ్ళీ అలాగే పెట్టండి, లేకపోతే చుక్కచుక్కగా కారుతుంది. ట్రాపుని బకెట్ నీళ్ళలోనే కడగండి, అలవాటుగా పైన కుళాయి తిప్పితే వంటిల్లంతా తడుస్తుంది.

బాత్రూమ్‌లో జాలీ ఎత్తితే నహానీ ట్రాప్ ఉంటుంది, చాలావాటిలో లోపల బోర్లించిన చిన్న గిన్నె కూడా ఉంటుంది. జుట్టంతా దాని అంచుకి చుట్టుకుంటుంది. చేతికి గ్లౌజు వేసుకుని లాగి చెత్తబుట్టలో వేయండి, లోపలికి తోయకండి. నీరు త్వరగా పోతుందని కొందరు ఆ గిన్నెనే తీసి పారేస్తారు. అది చాలా తప్పు. అక్కడ నిలిచే నీరే దుర్వాసనని, బొద్దింకల్ని ఆపేది. టాయిలెట్‌లో శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, వెట్ వైప్స్ వేయకూడదు. ప్యాడ్లు, డైపర్లలోని జెల్ నీళ్ళకి ఉబ్బి పైపుని బిగించేస్తుంది.

అడ్డు ఎక్కడుందో తెలుసుకున్నాకే డబ్బు ఖర్చుపెట్టండి. ఒక్క సింకులోనే నీరు ఆగితే అడ్డు దాని ట్రాపులోనో, దగ్గరి పైపులోనో ఉంటుంది. ఫ్లష్ చేసినప్పుడు బాత్రూమ్ జాలీలో బుడగలు వస్తే అడ్డు ఇంకా కిందికి, అన్ని పైపులూ కలిసిన చోట ఉంది. అప్పుడు బయట చాంబరు మూత ఎత్తి చూడండి. ఇంట్లో నీరు ఆగి చాంబరు ఖాళీగా ఉంటే ఆ రెండింటి మధ్య అడ్డు. చాంబరే నిండి ఉంటే ముందుకు, వీధి వైపు అడ్డు. పాత ఇళ్ళలో రావి, మర్రి వేళ్ళు పైపుల అతుకుల్లోంచి దూరడం మామూలే.

చిన్న అడ్డుకి ప్లంజర్, అంటే కర్రకి రబ్బరు గిన్నె ఉండే పరికరం చాలు. దాని రబ్బరు మునిగేంత నీరు ఉండాలి. వాష్‌బేసిన్‌లో పైన ఉండే చిన్న రంధ్రాన్ని తడిగుడ్డతో మూయకపోతే గాలి అటు పోయి శ్రమంతా వృథా. తోయడం ఎంత ముఖ్యమో లాగడం కూడా అంతే. సలసల మరిగే నీళ్ళు పీవీసీ పైపులో పోయకండి, మెత్తబడి అతుకులు వదులుతాయి. చేయి పెట్టలేనంత కాకుండా బాగా వేడిగా ఉంటే సరిపోతుంది. వంట సోడా, వెనిగర్ నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ జుట్టుని కరిగించదు. కాస్టిక్ సోడా ఉన్న డ్రెయిన్ క్లీనర్ పోసి అడ్డు కదలకపోతే దాని మీద యాసిడ్ పోయకండి, రెండూ కలిసి వేడెక్కి కళ్ళలోకి చిమ్ముతాయి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఏ మందు పోశారో ప్లంబర్‌కి ముందే చెప్పండి, పాపం అతను చేతులు పెట్టేది అందులోనే.

వానలకు ముందు మేడెక్కి నీళ్ళు పోయే గొట్టాల మూతుల దగ్గర వేపాకులు, ప్లాస్టిక్ కవర్లు తీసేయండి. మేడమీది నీరు ఇంకుడు గుంతకి వెళ్తోందా, మురుగు చాంబర్‌లోకా అన్నది చూడండి. చాంబర్‌లోకి వెళ్తుంటే ఆ పైపు మార్పించండి. మురుగు లైను వాననీటి కోసం వేసింది కాదు, మీ మేడ నీరు తిరిగి మీ గ్రౌండ్ ఫ్లోరులోకే రావచ్చు. ఈ కారణంతోనే వీధిలో నీరు పోవాలని మ్యాన్‌హోల్ మూత తీయకండి, నీళ్ళ కింద కనబడని గుంటలో మనిషి పడిపోయే ప్రమాదమూ ఉంది. పల్లంలో ఉన్న ఇంటికి చాంబరు దగ్గర, మురుగు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోవడం డబ్బుకి తగిన పని.

చాంబర్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి శుభ్రం చేయించకండి. విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. చేత్తో మురుగు ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడం నేరం కూడా. మురుగు లైను పొంగితే చెన్నై నీటి, మురుగు బోర్డు మెట్రోవాటర్‌కి 1916లో చెప్పండి. వాననీటి కాలువ పూడితే కార్పొరేషన్ నంబరు 1913. మురుగు సంపులోకి దిగిందని అనుమానం వస్తే మోటారు ఆపేసి, సంపు ఖాళీ చేయించి, బ్లీచింగ్‌తో కడిగించే దాకా ఆ నీళ్ళు వంటకీ స్నానానికీ వాడకండి.